జరీ అంచు మీద టెస్టరు

టెస్టరులో ఉండే ఆ చిన్న బల్బు ఎక్కడెక్కడ వెలుగుతుందో నాకు బాగా తెలుసు. హిందూపురంలో మాది మోటార్లు, ఫ్యాన్లు రీవైండింగ్ చేసే షాపు. బయట బోర్డు మీద పేరు మా ఆయనదే అయినా లోపల స్టూలు మీద కూర్చుని రాగితీగ చుట్టేది ఎక్కువగా నేనే. టెస్టరు సాకెట్లో వెలుగుతుంది, స్విచ్చు వెనక వెలుగుతుంది, పాడైపోయిన మిక్సీ ఒంటి మీద, పాత ఇస్త్రీపెట్టె మీద వెలుగుతుంది. పట్టుచీర మీద వెలగడం మాత్రం నా జన్మలో ఒకేసారి చూశాను. ఆ చీరలో మా చెల్లెలి కొడుకు పడుకొని ఉన్నాడు.

పోయిన ఎండాకాలం మాట ఇది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా చీర ఉయ్యాల కనిపిస్తే నా కళ్లు ముందు పైకే పోతాయి, దేనికి కట్టారా అని. బిడ్డను చూడమంటే మిద్దె చూస్తుందేమిటీ మనిషి అని వాళ్లు అనుకుంటారు. అనుకోనీ. నేను చూసింది వాళ్లు చూసి ఉంటే వాళ్లూ అదే చేస్తారు.

మా పుట్టిల్లు ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. ముందు గదిలో గుంత మగ్గం, వెనక వంటిల్లు, మధ్యలో ఒక పొడుగాటి గది. ఆ గదికి ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఇనుప గడ్డర్, దాని మీద పరిచిన బండలు. అదే మా మిద్దె. గడ్డర్‌కు ఒక చివర కొక్కెం వేసి ఫ్యాను తగిలించారు. ఇంకో చివర ఉయ్యాల కోసం ఇంకో కొక్కెం. ఫ్యాను కింద ఉయ్యాల కట్టకూడదని అంత దూరం పెట్టారు. చాలా జాగ్రత్తపరులం కదా మరి.

మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట మా అవ్వ పెళ్లిచీరలోనే ఉయ్యాల వేస్తారు. అది తాత తన చేత్తో నేసి అవ్వకు పెట్టిన చీర. రంగు వెలిసిపోయింది గాని అంచు మాత్రం ఇంకా అట్లే ఉంది. జానెడు అంచు, అంతా అసలు వెండి జరీ. నన్నూ అందులోనే ఊపారు, చెల్లెలినీ అందులోనే ఊపారు, నా కూతురినీ అందులోనే ఊపారు. ఇప్పటి జరీ అంటే మా అమ్మకు లోకువ. "అదేం జరీ, పిలాస్టిక్ మీద రంగు పూసిన దారం" అంటుంది. ఆ మాట నిజమే. ఆ చీర ఇప్పటి చీరై ఉంటే నేను ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

చెల్లెలిది పెనుకొండలో అత్తగారిల్లు. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చింది. బిడ్డకు మూడో నెల నడుస్తోంది. బాలింతరాలి విషయంలో మా అమ్మ పెట్టే చట్టాలు వింటే పోలీసులు కూడా జడుసుకుంటారు. చెవులకు గుడ్డ కట్టుకోవాలి. కాళ్లకు చెప్పులు లేకుండా నేల మీద అడుగు పెట్టకూడదు, బండల శీతం ఒంట్లోకి ఎక్కుతుంది. ఫ్యాను గాలి అసలు సోకకూడదు, వాతం వస్తుంది. పొద్దున ఒక ముద్ద, సాయంత్రం ఒక ముద్ద శొంఠి, మిరియాలు దంచి చేసిన బాలింత కాయం మింగాలి. ఆ కాయం నేనూ మింగినదాన్నే. దాని ఘాటు తలచుకుంటే ఇప్పటికీ ముక్కులో మండుతుంది.

కాని అది ధర్మవరంలో ఎండాకాలం. మిద్దె మీద బండలు మధ్యాహ్నానికి పెనంలా కాలిపోతాయి. బిడ్డకు మెడ నిండా, వీపు నిండా చెమటకాయలు. చివరికి అమ్మ ఒక మెట్టు దిగివచ్చింది. ఫ్యాను ఒకటి మీద పెట్టుకోవచ్చు, బిడ్డ నిద్రపోయేదాకా మాత్రమే. అక్కడే కథ మొదలైంది. ఎందుకంటే ఫ్యాను ఒకటి మీద తిరగనంది.

చెల్లెలు షాపుకు ఫోను చేసింది. "అక్కా, ఒకటి మీద పెట్టినా అంతే, ఐదు మీద పెట్టినా అంతే తిరుగుతాంది. బిడ్డకు గాలి జాస్తి అయితాంది. అమ్మేమో వచ్చి ఆపేస్తాంది."

"రెగ్యులేటర్ పోయింటాది. కండెన్సర్ పోయింటే మెల్లగా తిరుగుతాది గాని ఇట్ల పరిగెత్తదు. కొత్త రెగ్యులేటర్ ఏయించు," అన్నాను. ఇది నేను రోజూ చెప్పే మాట, పెద్ద విద్యేమీ కాదు.

ఆదివారం మా మరిది, అంటే చెల్లెలి భర్త, పెనుకొండ నుంచి వస్తూ కొత్త రెగ్యులేటర్ తెచ్చాడు. ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తానంటే నాయన ఒప్పుకోలేదట. "రెండు వైర్లు కలిపేదానికి మనిషి కావల్నా? దినామూ వేల పోగులు అతికేవాణ్ణి, ఇది నాకొక పనా?" అని తనే బిగించాడు. అంతకు ముందు కండెన్సర్ మార్చింది కూడా నాయనేనట. అది అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

కొత్త రెగ్యులేటర్ వేసినా ఫ్యాను దారి ఫ్యానుదే. నాయన అంగడివాణ్ణి తిట్టి దాన్ని మార్చుకొచ్చాడు. అదీ అంతే. పైగా ఇప్పుడు ఫ్యాను తలకాయ ఊపుతూ గిరగిరా తిరుగుతోందని చెల్లెలు చెప్పింది. నాకు ఒళ్లు మండింది. రెండు కొత్త రెగ్యులేటర్లు ఒకే జబ్బుతో రావు. లోపల వైర్లలోనే ఏదో తిరకాసు ఉంది. "ఎవరూ దాన్ని ముట్టుకోవద్దండి, నేనొస్తాండా," అని చెప్పి మర్నాడు పొద్దున్నే టెస్టరు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, టేపు సంచీలో వేసుకుని రైలెక్కాను.

పెనుకొండ స్టేషన్‌లో మరిది నిలబడి ఉన్నాడు. బిడ్డకు కుట్టించిన చొక్కాలు కిటికీలోంచి అందించాడు. అందించి పోకుండా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, ఆమె ఫోన్లో సరిగ్గా మాట్లాడతా లేదు. బిడ్డను ఎత్తుకునేకి భయమంటాంది. కన్నబిడ్డను ఎత్తుకునేకి భయమేందని మా అమ్మ అడుగుతాంది. నువ్వు రొంత చూడు వదినా."

"నిద్ర సాలక అట్ల అంటాంటాదిలేప్పా," అన్నాను. రైలు కదిలింది. కాని ఆ మాట నాతోనే రైల్లో కూర్చుంది. మా చెల్లెలు బిడ్డ కోసం ఎంత తపించిందో నాకు తెలుసు. భయమేమిటి?

ఇంటికి చేరేసరికి అమ్మ మధ్యగదిని తడిగుడ్డతో తుడుస్తోంది. నాయన ముందు గదిలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది, చెవులకు గుడ్డ, కాళ్లకు చెప్పులు. కళ్ల కింద నలుపు. బిడ్డ ఉయ్యాలలో ఉన్నాడు. తను ఉయ్యాలకు దూరంగా, గోడకు ఆనుకుని ఉంది.

"ఎట్ల ఉండావే?" అన్నాను.

చెల్లెలు నోరు తెరిచేలోపలే అమ్మ అందుకుంది. "ఎట్లుంటాది? చెప్పిన మాట వింటే కదా! చెప్పులు ఇడుస్తాది. ఫ్యాను ఏసుకుంటాది. మళ్లా చేతులు జివ్వుమంటాండాయని ఏడుస్తాది. నేల శీతమూ, ఆ గాలీ రెండూ చేరి వాతమైంది. కాయం రెండింతలు పెడతాండా. తాయెత్తు గూడా కట్టించినా."

"నాకేమో అయిందక్కా," అంది చెల్లెలు మెల్లగా. "బిడ్డ ఏడిస్తే తీసుకుందామని పోతాను. ఉయ్యాల ముట్టుకుంటానే చేతులు జివ్వుమంటాయి. వాడు ఒక్కసారిగా కెవ్వుమంటాడు. నేను ముట్టుకుంటేనే అట్లయితాంది. అమ్మ ఎత్తుకుంటే ఏమీ కాదు. నా చేతుల్లోనే ఏదో దోషముండాదేమో."

ఆ మాట అంటున్నప్పుడు తన రెండు చేతులనూ ఎవరివో చేతులను చూసినట్టు చూసుకుంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "దోషమూ లేదు, గీషమూ లేదు. నిద్ర లేక బుర్ర తిరుగుతాంది నీకు. ముందు ఈ ఫ్యాను సంగతి చూస్తాను, సల్లగాలికి రొంత పడుకుందువు," అన్నాను. అప్పటికి నాకు రెండు విషయాలూ వేరువేరుగానే కనిపించాయి. ఫ్యాను ఒక చోట, చెల్లెలి చేతులు ఇంకో చోట.

ఫ్యాను వేసి చూశాను. రెగ్యులేటర్ ఒకటి మీద ఉంది. ఫ్యాను విమానంలా లేచింది. రెండు, మూడు, నాలుగు, ఐదు, అన్నీ తిప్పాను. రవ్వంత తేడా లేదు. రాడ్డు ఊగుతోంది, పైన కొక్కేన్ని మూసే గిన్నె టకటకమంటోంది. "ఈ రెగ్యులేటర్‌కూ ఫ్యానుకూ మాటల్లేవు నాయనా," అని ముందు గదిలోకి కేకేశాను. "కొత్తదే తల్లీ, నా చేత్తో నేనే బిగించినా," అని మగ్గం చప్పుడులోంచే జవాబు వచ్చింది.

బోర్డు విప్పుదామని సంచీలోంచి టెస్టరు తీసుకున్నాను. అదే సమయానికి బిడ్డ కదిలి ఏడుపు అందుకున్నాడు. చెమటకు తట్టుకోలేక చెల్లెలు చెప్పులు వదిలేసి ఉంది. గబుక్కున మంచం దిగి తడిబండల మీద ఉయ్యాల దగ్గరికి పోయింది.

"చెప్పులు! ముందు ఫ్యానాపే!" అని అమ్మ వెనక నుంచి అరిచింది.

చెల్లెలి చెయ్యి చీర అంచుకు తగిలింది. తగిలిన చెయ్యి వెనక్కి ఎగిరింది.

"చూడక్కా, మళ్లా జివ్వుమనింది!"

"నేను చెప్పలే? అడుగు పెట్నే పెట్టె, శీతమెక్కనే ఎక్కె," అంది అమ్మ. గెలిచినదానిలా అంది.

నేను నవ్వబోయాను. నిజం, పెదవులు సాగాయి కూడా. అంతలో చెల్లెలి చెయ్యి వెనక్కి ఎగిరిన తీరు నా కళ్ల ముందు మళ్లీ కదిలింది. తిమ్మిరెక్కిన చెయ్యి అలా ఎగరదు. తిమ్మిరెక్కిన చేతిని మనిషి దులుపుకుంటాడు, నలుపుకుంటాడు. ఆ ఎగరడం వేరు. షాపులో నాకూ, మా ఆయనకూ, ఏ జాగ్రత్తా లేని ప్రతివాడికీ ఎగురుతుంది అలా. మనిషి తీసుకునే చెయ్యి కాదది, కరెంటు విసిరికొట్టే చెయ్యి.

అయినా నమ్మలేదు. చీర ఏమిటి, కరెంటు ఏమిటి! నా అనుమానానికి నాకే సిగ్గేసింది. ఊరికే, మనసు ఆగక, టెస్టరు మొన తీసుకెళ్లి జరీ అంచుకు ఆనించాను.

బల్బు వెలిగింది.

ఎర్రగా, నిలకడగా, సాకెట్లో వెలిగినట్టే వెలిగింది. తీసి మళ్లీ ఆనించాను. వెలిగింది. ఇంకో వైపు అంచుకు ఆనించాను. వెలిగింది. లోపల బిడ్డ కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తున్నాడు. వాడి కాళ్లకు వెండి కడియాలు. ఒక కడియం అంచు జరీకి రాసుకుంటోంది. ఇంత పని నేర్చుకున్నదాన్ని, చేతిలో టెస్టరుతో, చెట్టంత మనిషిని, బొమ్మలా నిలబడిపోయాను.

నన్ను కదిలించింది చెల్లెలే. ఏమీ తెలియక, బిడ్డ ఏడుస్తున్నాడని, ఈసారి పళ్లు బిగించుకుని రెండు చేతులూ చాచి ఉయ్యాలలోకి వంగబోయింది. ఉత్త కాళ్లు, తడి నేల. నేను టెస్టరు పారేసి తన జడ పట్టుకుని వెనక్కి లాగాను. ఎంత గట్టిగా లాగానంటే మంచం మీద పడి కోడు తగిలి తన మోచెయ్యి చీరుకుపోయింది.

"ఏమ్మే, నీకేమన్నా దయ్యం పట్టిందా? బాలింతను కొడతావా!" అని అమ్మ నా మీదికి వచ్చింది.

అమ్మకు జవాబు చెప్పే టైము లేదు. ముందు గదిలోకి పరిగెత్తి మెయిన్ స్విచ్చు కిందికి లాగేశాను. ఫ్యాను మెల్లగా నిలిచిపోయింది. మగ్గం మీది లైటు ఆరిపోయింది. "యాలమ్మా కరెంటు తీసినావు?" అన్నాడు నాయన. నేను వెనక్కి వచ్చి అంచును మళ్లీ టెస్టరుతో చూశాను. వెలగలేదు. అప్పుడు బిడ్డను ఎత్తుకున్నాను. ఎత్తుకుని వాడితో సహా కింద కూర్చున్నాను. వాడు వెచ్చగా, చెమటగా, పాల వాసనతో నా భుజం మీద వాలి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు అంత తీయగా ఉంటుందని నాకు తెలియదు.

"చీరలో కరెంటుండాది," అన్నాను.

మగ్గం వదిలి వచ్చిన నాయనతో సహా ముగ్గురూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నా మాట నాకే పిచ్చిగా వినిపించింది, వాళ్లననుకుని లాభమేముంది?

నాయన నిచ్చెన వేశాడు. బిడ్డను అమ్మకిచ్చి నేను ఎక్కి ఫ్యాను పైన ఉండే గిన్నెను కిందికి జార్చాను. లోపల చూసి నాకు కాసేపు అర్థం కాలేదు. కండెన్సర్ మార్చినప్పుడు నాయన అక్కడ వైర్లు అతికాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కో పోగుగా అతుకుతారు. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి మెలిపెడతారు. ఎంత లాగినా ఊడదు, అతుకు ఎక్కడుందో కంటికి కనపడదు. నాయన రాగితీగలను కూడా అట్లే మెలిపెట్టాడు. ఎంత అందంగా ఉందో ఆ మెలి! నేను జన్మలో అట్లా వేయలేను. మెలిపెట్టి, దాని మీద టేపు చుట్టలేదు. మిగిలిపోయిన పట్టుదారం చుట్టాడు. సుతారంగా, వరస తప్పకుండా, ముడి లోపలికి దోపి మరీ చుట్టాడు.

ఫ్యాను మెల్లగా తిరిగి ఉంటే ఆ పట్టుదారం ఇంకొన్నేళ్లు ఉండేదేమో. కాని అది రోజూ ఐదు మీదే ఊగుతూ తిరిగింది. ఊగినప్పుడల్లా అతుకు కొక్కేనికి రాసుకుంది. దారం అరిగి తెగి, రాగి బయటపడి, కొక్కేనికి ఆనుకుంది. కొక్కెం గడ్డర్‌ది. గడ్డర్ రెండో చివర ఉయ్యాల కొక్కెం. దానికి ముడేసింది వెండి జరీ చీర. ఫ్యాను వేసినప్పుడల్లా ఆ కరెంటు గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, మా తాత నేసిన అంచు గుండా దిగి, బిడ్డ చుట్టూ కాచుకుని కూర్చుంది.

కిందికి దిగి ఉయ్యాల పక్క గోడకున్న స్విచ్చుబోర్డు విప్పాను. అక్కడ ఇంకో వింత. రెగ్యులేటర్‌కు ఒక వైరులో వచ్చి ఇంకో వైరులో పోవాలి కరెంటు. ఆ రెండు వైర్లనూ నాయన ముందు ఒకదానికొకటి మెలిపెట్టి, ఆ తర్వాత రెగ్యులేటర్‌కు బిగించాడు. ఇక కరెంటుకు రెగ్యులేటర్ గుమ్మం తొక్కే పనేముంది? పక్కనే అడ్డదారి ఉంటే. ఎన్ని రెగ్యులేటర్లు మార్చినా ఫ్యాను వినకపోవడం అందుకే.

"యాల కలిపినావు నాయనా ఈ రెండూ?"

నాయన ఆ వైర్లను చూశాడు. "రెండు కొసలు ఇడిగా కనపడినాయమ్మా. ఇడిగా ఉండే కొసను ఎట్ల ఇడ్సిపెట్టేది?"

నేను తిట్టడానికి నోరు తెరిచి మూశాను. మగ్గం మీద ఒక్క పోగు తెగి వేలాడితే ఆయన అన్నం కూడా తినడు, దాన్ని అతికాకే లేస్తాడు. యాభై ఏళ్లుగా ఆయన వేళ్లకు తెలిసింది అదే. "నా అతుకు ఊడిందా?" అని అడిగాడు. ఊడలేదని చెప్పాను. ఊడకపోవడమే మా ప్రాణం మీదికి తెచ్చిందని చెప్పలేకపోయాను. ఆయన మగ్గం గుంత అంచున కూర్చుని అరచేతులు మోకాళ్ల మీద బోర్లించుకున్నాడు.

కాని ఆ రోజు నాకు తగిలిన అసలు దెబ్బ అది కాదు. వైర్లు విడదీస్తూ ఉండగా లెక్కలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి. చెల్లెలికి చేతులు ఎప్పుడు జివ్వుమనేవి? ఫ్యాను తిరుగుతున్నప్పుడు. చెప్పులు లేనప్పుడు. నేల తడిగా ఉన్నప్పుడు. చెప్పులు వేసుకున్న రోజు ఏమీ అయ్యేది కాదు. ఫ్యాను ఆపితే ఏమీ అయ్యేది కాదు. తన వేళ్లు బిడ్డకు తగిలితే కడియం గుండా వాడికీ కరెంటు కొట్టేది, అందుకే కెవ్వుమనేవాడు. అమ్మ ఎత్తుకుంటే ఎందుకు ఏమీ కాలేదు? బిడ్డకు గాలి కొడుతుందని అమ్మ ముందు ఫ్యాను ఆపనిదే ఉయ్యాల దగ్గరికి పోదు కాబట్టి. నేల శీతం, ఫ్యాను గాలి. అమ్మ చెప్పిన రెండు కారణాలూ పూస గుచ్చినట్టు సరిపోయాయి. ఏ రోజూ తప్పలేదు. అమ్మ అబద్ధం చెప్పలేదు, మొండికీ పోలేదు. కళ్లారా చూసి, సరి చూసుకుని మరీ వాతమంది. అమ్మ చట్టాలు లేకుంటే, ఆ చెప్పులు లేకుంటే, చెల్లెలు ఏ మధ్యాహ్నమో తడి కాళ్లతో నిలబడి వాణ్ణి ఎత్తుకుని ఉండేది. ఆ చట్టాలు ఉన్నందుకే తన మాట ఎవరూ నమ్మలేదు. కాపాడిందీ అదే, కమ్మేసిందీ అదే. ఇప్పటికీ దీన్ని ఎటువైపు నుంచి పట్టుకోవాలో నాకు తెలియదు.

ఇదంతా అమ్మకు చెప్పాను. గట్టిగానే చెప్పాను, నా నోరు అసలే మంచిది కాదు. అమ్మ మధ్యలో ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మా అమ్మ ఎదురు చెప్పకపోవడం నేను అంతకు ముందు ఎరగను. చెల్లెలు మాత్రం ఒకే మాట అడిగింది. "అయితే నా చేతులకు ఏమీ కాలేదా అక్కా?" లేదన్నాను. తను తాయెత్తు తెంపలేదు, ఏడవలేదు. అమ్మ ఒళ్లోంచి బిడ్డను తీసుకుని, వాడి వీపు మీద రెండు అరచేతులూ పరిచి పట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది.

నేను విడదీసిన రెగ్యులేటర్ వైర్లను సరిగ్గా బిగించాను. పైన కొత్త వైరు వేసి, అతుకు మీద టేపు దట్టంగా చుట్టి, కొక్కేనికి తగలకుండా గిన్నె లోపల కట్టేశాను. నట్లు బిగించి ఊగడం ఆపాను. మెయిన్ వేసి గడ్డర్ పొడవునా టెస్టరు పెట్టుకుంటూ పోయాను. ఎక్కడా వెలగలేదు. ఉయ్యాల కొక్కెం మీద వెలగలేదు. అంచు మీద వెలగలేదు. ఒకటి మీద పెడితే ఫ్యాను సోమరిగా, రెక్కలు లెక్కపెట్టేంత మెల్లగా తిరిగింది.

"ఇంకేం భయం లేదు, ఏయండి బిడ్డను," అన్నాను.

ఎవరూ కదల్లేదు. చెల్లెలు బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకుంది. నాయన తల వంచుకున్నాడు. నిజానికి నాకే చెయ్యి రాలేదు.

అమ్మ వంటింట్లోకి పోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఉయ్యాల కింద బండల మీద కుమ్మరించింది. ఏం చేస్తోందో మాకు అర్థమయ్యేలోపల చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆ నీళ్లలో ఉత్త కాళ్లతో నిలబడింది.

"ఐదు మీద పెట్టు," అంది నాతో.

"అమ్మా, టెస్టరు పెట్టి చూసినా కదా..."

"ఆ గాజుముక్క మాట నాకొద్దు. పెట్టు."

నేను రెగ్యులేటర్ దగ్గరికి కదలకముందే తనే చెయ్యి చాచి ఐదుకు తిప్పింది. ఫ్యాను హోరెత్తింది. అమ్మ అవ్వ చీరను, ఆ జానెడు జరీ అంచును, రెండు చేతులా పిడికిళ్లు బిగించి పట్టుకుంది. ఏమీ కాదని నాకు తెలుసు, నా చేత్తో నేనే బాగుచేశాను, అయినా నా చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. అమ్మ కళ్లు మూసుకుని నిలబడింది. ఎంతసేపటికీ వదల్లేదు.

"చాలమ్మా, ఇడ్సు," అన్నాను. వదల్లేదు. నాయన పిలిచాడు. వదల్లేదు.

చెల్లెలు లేచి బిడ్డను నా చేతుల్లో పెట్టింది. చెప్పులు విడిచింది. చెవుల గుడ్డ విప్పి మంచం మీద పడేసింది. నడిచి వెళ్లి అదే నీళ్లలో అమ్మ పక్కన నిలబడి, అంచు రెండో వైపు తన చేత్తో పట్టుకుంది. అమ్మ కళ్లు తెరిచి మొదట తన కాళ్లనే చూసింది, తడిబండల మీద ఉత్త కాళ్లు. చెప్పులని అనడానికి అమ్మ నోరు అలవాటుగా కదిలింది. కాని వచ్చిన మాట వేరు.

"నువ్వు చెప్తానే ఉంటివి కదే," అంది అమ్మ. "నేను కాయం తినిపిస్తా ఉంటిని."